ఆ రాతి లాంతరును మోస్తున్నదేమిటి? సెయింట్ పాల్స్ గుమ్మటం కట్టిన రెన్ కథ

లండన్‌లో కాపురం ఉండే మనవాళ్లకి ఒక అదనపు ఉద్యోగం తప్పదు. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో రాగానే గైడ్ అవతారం ఎత్తాలి. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు, నీస్డెన్ గుడి. ఈ చుట్టు నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కూడా ఆ జాబితాలో ఉండేది కానీ ఎప్పుడూ బయటి నుంచే. మెట్ల మీద ఒక ఫొటో, మిలీనియం బ్రిడ్జ్ మీద నుంచి ఇంకో ఫొటో. లోపలికి టికెట్టు కొనాలి కదా అని బద్ధకం.

చాలా ఏళ్ల కిందట మా నాన్న వచ్చినప్పుడు ఆ పప్పులు ఉడకలేదు. ఆయన గుంటూరు జిల్లాలో కల్వర్టులు, స్కూలు గదులు, ఆసుపత్రి వార్డులు కట్టించి రిటైరైన సివిల్ ఇంజనీరు. రాజభవనాల ముందు రెండు నిమిషాలు కూడా నిలబడరు. అదే ఎక్కడైనా పరంజా కట్టి ఉంటే చాలు, మెడ రిక్కించి అరగంట చూస్తారు. సెయింట్ పాల్స్ లోపలికి వెళ్లాల్సిందేనన్నారు. వెళ్లాం. నడి మధ్యకి నడిచి, తల వెనక్కి వాల్చి, గుమ్మటం లోపలి వైపు చాలాసేపు చూశారు. తరవాత నన్ను బయటికి తీసుకొచ్చి అదే గుమ్మటాన్ని బయటి నుంచి చూపించి ఒక ప్రశ్న వేశారు.

బయట గుమ్మటం నెత్తిన రాతితో కట్టిన చిన్న మంటపం లాంటిది ఉంది. దాని మీద బంగారు పూత గోళం, ఆ పైన శిలువ. ఆ మంటపాన్ని ఇంగ్లీషువాళ్లు లాంతరు అంటారు. దాని బరువు సుమారు 850 టన్నులు. ఇక బయట కనిపించే గుమ్మటమేమో చెక్క చట్రం మీద సీసం రేకు తొడిగినది. లోపల నుంచి చూస్తే కనిపించే గుమ్మటానికి నడినెత్తిన గుండ్రటి రంధ్రం ఉంది, అందులోంచి వెలుతురు పడుతోంది. చెక్క గుమ్మటం 850 టన్నుల రాయిని మోయలేదు. రంధ్రం ఎలాగూ మోయలేదు. మరి ఆ లాంతరును మోస్తున్నదేమిటి?

గుమ్మటం మీదే కదా నాన్నా ఉంది అన్నాను. కొత్తగా చేరిన జూనియర్ వైపు చూసినట్టు చూశారు. సాఫ్ట్‌వేర్ వాడికి ఈ అవమానం మామూలే. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం మొదలుపెట్టి, ఆ గుమ్మటం కట్టిన క్రిస్టఫర్ రెన్ గురించి దొరికినవన్నీ చదివాను. జవాబు దొరికింది. దాంతో పాటు ఒక జీవితం కూడా దొరికింది, అది ఇక్కడ చెప్పాలని ఉంది.

రెన్ 1632 అక్టోబర్ 20న విల్ట్‌షైర్‌లోని ఈస్ట్ నాయిల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పూజారి, తరవాత విండ్సర్‌లో డీన్ అయ్యాడు. అంటే రాజుగారి పక్షం కుటుంబం. రెన్‌కి పదేళ్లు వచ్చేసరికి దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. బిషప్‌గా ఉన్న పెదనాన్న మాథ్యూ రెన్‌ని పట్టుకెళ్లి టవర్ ఆఫ్ లండన్‌లో పెట్టారు. ఆయన సుమారు 18 ఏళ్లు అక్కడే ఉన్నాడు. రాజు తల 1649లో తెగిపడింది. మన పిల్లలు కోహినూర్ చూడటానికి క్యూ కట్టే ఆ టవర్ రెన్ కుటుంబానికి పెదనాన్న ఉండే జైలు.

అలాంటి రోజుల్లో రెన్ ఆక్స్‌ఫర్డ్‌లో చేరి చదువులో తలదాచుకున్నాడు. అతను మొదట భవనాల మనిషి కాదు, సైన్సు మనిషి. ఖగోళం, గణితం, గడియారాలు, చంద్రుడి పటాలు, శనిగ్రహం చుట్టూ ఉన్నదేమిటన్న గొడవ. 1656లో ఒక కుక్క రక్తనాళంలోకి గొట్టం ద్వారా ద్రవాన్ని ఎక్కించి చూశాడు. ఇవాళ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1664లో మెదడు మీద పుస్తకం వేస్తే అందులో కొన్ని బొమ్మలు రెన్ గీశాడు. పాతికేళ్లు నిండకముందే, 1657లో, లండన్ గ్రెషమ్ కాలేజీలో ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. 1660 నవంబర్ 28న అక్కడ అతని ఉపన్యాసం అయ్యాక ఓ పన్నెండు మంది కూర్చుని ఒక సంఘం పెట్టుకుందామని అనుకున్నారు. అదే తరవాత రాయల్ సొసైటీ. మన రామానుజన్ 1918లో ఫెలో అయింది అందులోనే.

మరి భవనాల్లోకి ఎలా వచ్చాడు? ఆ కాలంలో ఆర్కిటెక్ట్ అనే చదువే లేదు. లెక్క తెలిసి, బొమ్మ గీయగలిగి, నమూనా తయారుచేయగలిగినవాడికి కట్టడం అప్పగించేవారు. పద్దెనిమిదేళ్ల తరవాత జైలు నుంచి బయటపడిన పెదనాన్న కేంబ్రిడ్జ్‌లో పెంబ్రోక్ కాలేజీ చాపెల్ పని ఇచ్చాడు. అంటే మొదటి ప్రాజెక్టు చుట్టరికం మీదే వచ్చింది. మా నాన్న దీనికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ వెంటనే ఆక్స్‌ఫర్డ్‌లో షెల్డోనియన్ థియేటర్ వచ్చింది. గుండ్రంగా ఒక వైపు, తిన్నగా ఒక వైపు, ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో ఉండే సభామందిరం. నమూనా రోములోని పాత మార్సెలస్ థియేటర్. రోములో అయితే పైకప్పు లేదు, ఎండకి గుడ్డ పందిరి వేసేవారు. ఇంగ్లండ్ వానలో అది కుదరదు. సభ మధ్యలో స్తంభాలు పెడితే వెనకవాళ్లకి కనపడదు. హాలు వెడల్పు 70 అడుగులు, అంత పొడవు దూలం ఏ చెట్టూ ఇవ్వదు. రెన్ చిన్న చిన్న దుంగల్ని ఒకదానితో ఒకటి కొరికించి, ఇనప బోల్టులతో బిగించి, ఒక్క స్తంభం లేకుండా కప్పు నిలబెట్టాడు. దాని కింద సీలింగు మీద, గుడ్డ పందిరిని పక్కకి లాగితే ఆకాశం కనిపిస్తున్నట్టు బొమ్మ వేయించారు. మోస్తున్నది ఒకటి, కనిపిస్తున్నది ఇంకొకటి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, లాంతరు దగ్గర మళ్లీ వస్తుంది.

1665లో రెన్ పారిస్ వెళ్లాడు. జీవితంలో అతను విదేశం వెళ్లినట్టు తెలిసింది ఆ ఒక్కసారే. రోము చూడలేదు, ఫ్లారెన్స్ చూడలేదు. ప్రపంచంలో పేరున్న గుమ్మటాల్లో ఒకటి కట్టినవాడు ఇటలీలో కాలు పెట్టలేదంటే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. పారిస్‌లో మాత్రం కొత్తగా లేచిన గుమ్మటాలు చూశాడు, రోము నుంచి వచ్చి ఉన్న బెర్నీనీని కలిశాడు. తిరిగొచ్చేసరికి బుర్ర నిండా గుండ్రటి ఆలోచనలే. అప్పటికి ఇంగ్లండ్‌లో చెప్పుకోదగ్గ గుమ్మటం ఒక్కటీ లేదు. అక్కడ చర్చి అంటే కోసుగా ఆకాశంలోకి లేచే శిఖరం. గుమ్మటం అంటే పోప్‌గారి వ్యవహారం, కేథలిక్‌ల వాసన.

పాత సెయింట్ పాల్స్ అప్పటికే శిథిలావస్థలో ఉంది. దాని నడుమ గుమ్మటం పెట్టి బాగుచేద్దామని రెన్ ప్రతిపాదించాడు. 1666 ఆగస్టు 27న కమిటీ చర్చి లోపల తిరిగి చూసింది. సరిగ్గా ఆరు రోజులకి, సెప్టెంబర్ 2 ఆదివారం తెల్లవారుజామున, పుడ్డింగ్ లేన్‌లో ఒక బేకరీలో నిప్పంటుకుంది. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్లు, 87 చర్చిలు బూడిదయ్యాయి. సెయింట్ పాల్స్ చుట్టూ మరమ్మతుల కోసం కట్టిన చెక్క పరంజా అగ్గికి నిచ్చెనైంది. పైకప్పు సీసం కరిగి వీధుల్లో పారింది.

మంటలు చల్లారిన వారంలోపే రెన్ మొత్తం నగరానికి కొత్త ప్లాను గీసి రాజు రెండో ఛార్లెస్ చేతిలో పెట్టాడు. వెడల్పాటి రోడ్లు, చౌకులు. ఎవరి స్థలం వాళ్లది, ఎవరి హద్దురాయి వాళ్లది. ఒక్కరూ జరగలేదు. ఆ ప్లాను కాగితం మీదే మిగిలింది. ఇవాళ సిటీలో సందుగొందులు తిరుగుతూ గూగుల్ మ్యాప్ పట్టుకుని తికమకపడేవాళ్లు ఆ హద్దురాళ్లనే తలుచుకోవాలి. రెన్ మాత్రం ఆ బూడిదలోంచి 51 చర్చిలు మళ్లీ లేచేలా చూశాడు. స్నేహితుడు రాబర్ట్ హుక్ చేదోడు. ఆ చర్చిల్లో సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అని ఒకటుంది, బ్యాంక్ ట్యూబ్ స్టేషన్‌కి రెండడుగుల దూరం. బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు. లోపల 16 స్తంభాల నడుమ, ఎనిమిది కమానుల మీద తేలుతున్నట్టు ఒక తెల్లటి గుమ్మటం. చదరపు గది మీద గుండ్రటి కప్పు ఎలా కూర్చోబెట్టాలో రెన్ అక్కడ సాధన చేసుకున్నాడు అనిపిస్తుంది. ఆ పక్క ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలు లంచ్ టైములో ఒకసారి తొంగి చూడొచ్చు.

సెయింట్ పాల్స్ దగ్గర అసలు పోరాటం మొదలైంది. కాలిపోయిన గోడల్ని ముందు పడగొట్టాలి. రెన్ మందుపాతర పెట్టి జాగ్రత్తగా ఒక భాగం కూల్చాడు. అతను ఊళ్లో లేనప్పుడు సహాయకుడు రెండోసారి మందు కాస్త ఎక్కువ దట్టించాడు. ఒక రాయి ఎగిరి ఎదురింట్లో పడింది. ఇక మందు వద్దన్నారు. రెన్ పాతకాలపు యుద్ధాల్లో కోట తలుపులు బద్దలుకొట్టే దుంగ లాంటిది చేయించి, పదుల మంది కూలీలతో రోజంతా గోడని పొడిపించాడు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు గోడ కూలింది.

కొత్త చర్చికి రెన్ మనసు పెట్టి గీసిన డిజైన్ ఒకటుంది. నాలుగు వైపులా దాదాపు సమానమైన చేతులు, నడుమ పెద్ద గుమ్మటం. ఎక్కడ నిలబడినా కళ్లు మధ్యకే పోతాయి. దాన్ని ఓక్ చెక్కతో నమూనాగా చేయించాడు. ఆ నమూనా ఎంత పెద్దదంటే మనిషి దాని లోపల నిలబడి పైకి చూడొచ్చు. 1673, 74లో చేశారు, దాదాపు 600 పౌండ్లు ఖర్చయింది. ఆ డబ్బుతో అప్పట్లో లండన్‌లో మంచి ఇల్లే వచ్చేది. రాజుకి నచ్చింది. పూజారులకి నచ్చలేదు. ఊరేగింపుకి పొడవాటి నడవ కావాలి, చర్చి అంటే పొడుగు శిలువ ఆకారంలో ఉండాలి, ఇదేదో రోము వాటంగా ఉంది అన్నారు. రెన్ కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబుతారు. ఆ నమూనా ఇప్పటికీ సెయింట్ పాల్స్‌లోనే ఉంది. కట్టని చర్చి కట్టిన చర్చి లోపల ఉంది.

ఇక్కడ రెన్ చేసిన పని నాకు చాలా నచ్చింది, మీకు నచ్చకపోవచ్చు. ఇంకో డిజైన్ గీశాడు. పొడుగు నడవ, పూజారులు అడిగినవన్నీ, నడుమ ఒక అణిగిన గుమ్మటం, దాని మీద పగోడాలా అంతస్తులు అంతస్తులుగా పొడుగాటి శిఖరం. చూస్తే నవ్వొచ్చే బొమ్మ. 1675 మే నెలలో రాజు దాన్ని ఆమోదించాడు. అయితే పని జరిగేకొద్దీ అవసరాన్ని బట్టి మార్పులు చేసుకునే వెసులుబాటు కూడా రెన్‌కి ఇచ్చాడు. రెన్ ఆ వెసులుబాటులోంచి మొత్తం కెథీడ్రల్‌నే లాగేశాడు. చుట్టూ ఎత్తైన పరంజా. బయటివాళ్లకి నమూనాలు చూపించడం మానేశాడు. ఒక మూల మాత్రమే ముందు కడితే డబ్బుల్లేవని అక్కడే ఆపేస్తారని, పునాదులు ఎక్కువ భాగంలో ఒకేసారి వేయించాడు. శాంక్షన్ అయిన ప్లాను ఒకటి, లేచిన బిల్డింగు ఒకటి. మా నాన్న కళ్లలో ఆ మాట వినగానే మెరుపు కనిపించింది. సర్వీసులో ఆయన ఎన్నిసార్లు అలా చేశారో అడగలేదు.

డబ్బు బొగ్గు నుంచి వచ్చేది. లండన్ రేవుకి వచ్చే బొగ్గు మీద పన్ను వేసి చర్చిలకి, కెథీడ్రల్‌కి ఇచ్చారు. ఊరంతా బొగ్గు పొగ, ఆ పొగతో తెల్లరాతి చర్చి. కట్టిన కొన్నేళ్లకే గోడలు నల్లబడ్డాయి.

శంకుస్థాపన 1675 జూన్ 21న జరిగింది. అప్పటికి రెన్‌కి 42 ఏళ్లు. ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో చూస్తే గుండె బరువెక్కుతుంది. అంతకు ముందు సంవత్సరమే పెద్దకొడుకు గిల్బర్ట్ పసితనంలో పోయాడు. 1675 ఫిబ్రవరిలో రెండో కొడుకు పుట్టాడు, వాడికీ క్రిస్టఫర్ అనే పేరు పెట్టారు. జూన్‌లో పునాదిరాయి. సెప్టెంబర్‌లో భార్య ఫెయిత్ మశూచితో చనిపోయింది. ఆరు నెలలు దాటిన పిల్లాడు, తల్లి లేదు, మొదలుపెట్టిన పని వందేళ్లు పట్టేలా ఉంది. 1677లో జేన్ ఫిట్జ్‌విలియమ్‌ని పెళ్లి చేసుకున్నాడు. కూతురు జేన్, కొడుకు విలియం పుట్టారు. 1680లో ఆ భార్య కూడా క్షయతో పోయింది. రెండు పెళ్లిళ్లు కలిపినా పదేళ్ల సంసారం లేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చిన్నకొడుకు విలియంకి ఎదుగుదల లోపం ఉంది, ఇంట్లో అందరూ బిల్లీ అనేవారు. రెన్ వాడిని దగ్గరే ఉంచుకున్నాడు.

ఈ మధ్యలో అతను ఊరికే ఉన్నాడా అంటే, గ్రీనిచ్‌లో అబ్జర్వేటరీ, చెల్సీలో రిటైరైన సైనికులకి ఆసుపత్రి, హాంప్టన్ కోర్ట్‌లో రాజుగారికి కొత్త భవనం, గ్రీనిచ్‌లో నావికుల ఆసుపత్రికి జంట గుమ్మటాలు. 1684లో హుక్, హాలీలతో కబుర్లలో గ్రహాల కక్ష్యకి లెక్క తేల్చినవాళ్లకి 40 షిల్లింగుల విలువైన పుస్తకం బహుమానం అన్నాడు. ఎవరూ గెలవలేదు కానీ ఆ పందెం పుణ్యమా అని హాలీ వెళ్లి న్యూటన్ తలుపు తట్టాడు. ఆ తరవాతి కథ మన ఫిజిక్స్ పుస్తకాల్లో ఉంది.

1697 డిసెంబర్ 2న చర్చిలో ఒక భాగం పూజలకి తెరిచారు. 22 ఏళ్లయినా గుమ్మటం లేదు. పార్లమెంటుకి ఓపిక నశించింది. రెన్ జీతం ఏడాదికి 200 పౌండ్లు. పని పూర్తయ్యేదాకా అందులో సగం ఆపేశారు. ఆలస్యం చేస్తే జీతం వస్తూనే ఉంటుందని అతను కావాలని నాన్చుతున్నాడని అనుమానం. అరవై అయిదేళ్ల మనిషికి అది ఎంత తలవంపు! ఆ బాకీ 1711లో గానీ చెల్లలేదు, అదీ అర్జీలు పెట్టుకున్నాక. మా నాన్నకి నేను ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన పకపకా నవ్వి, మూడు వందల ఏళ్ల కిందటి పెండింగ్ బిల్లు అన్నమాట అన్నారు.

ఇప్పుడు లాంతరు సంగతి. గుమ్మటానికి ఒక చిక్కుంది. ఊరంతటికీ కనపడాలంటే చాలా ఎత్తుండాలి. అంత ఎత్తు గుమ్మటాన్ని లోపల నుంచి చూస్తే చీకటి బావిలోకి తలకిందులుగా తొంగి చూసినట్టుంటుంది. లోపల అందంగా ఉండాలంటే తక్కువ ఎత్తుండాలి, అలాంటిది బయట నుంచి కనపడదు. రెన్ రెండూ కట్టాడు. లోపల ఇటుకతో అణిగిన గుమ్మటం. దానికి చాలా పైన, చెక్క చట్రంతో సీసం తొడిగిన పెద్ద గుమ్మటం. ఈ రెండింటికీ నడుమ మూడోది ఒకటుంది. అది గుమ్మటం కాదు, శంఖువు. ఇటుకతో కట్టిన కోసుటోపీ. దాని మందం 18 అంగుళాలు, అంటే రెండు ఇటుకల పొడవు. బయట నుంచి కనపడదు, లోపల నుంచి కనపడదు. ఆ 850 టన్నుల రాయి దాని మీద కూర్చుని ఉంది. బయటి చెక్క గుమ్మటం దానికి తొడుగు, లోపలి గుమ్మటం దానికి అస్తరు.

శంఖువే ఎందుకు? ఇక్కడ హుక్ ఆలోచన ఉంది. ఒక గొలుసు రెండు కొసలూ పట్టుకుని వేలాడదీయండి. అది తనంతట తాను ఒక వంపు తీసుకుంటుంది, దానిలో అంతా లాగుడే. ఆ వంపుని తిరగేసి రాయితోనో ఇటుకతోనో కడితే దానిలో అంతా నొక్కుడే ఉంటుంది. రాయి, ఇటుక నొక్కితే ఓర్చుకుంటాయి, లాగితే పగులుతాయి. గొలుసు మధ్యలో బరువు కడితే వంపు కోసుగా మారుతుంది. నెత్తిన బరువున్న కట్టడం కూడా అలాగే కోసుగా ఉండాలి. ఇంట్లో మెడలో గొలుసుతో, ఒక తాళంచెవితో ఈ ప్రయోగం పిల్లలకి చూపించొచ్చు, మా అమ్మాయికి నేను చూపించాను. అయినా శంఖువు కింద అంచు బయటికి తన్నుతుంది కదా? దానికి చుట్టూ ఇనప గొలుసు బిగించి రాతిలో పొదిగాడు, పీపాకి ఇనప పట్టీ వేసినట్టు. గుమ్మటం మొత్తం బరువు 65,000 టన్నుల దాకా ఉంటుంది. అది ఎనిమిది భారీ స్తంభాల మీద నేలకి దిగుతుంది.

అన్నీ గొప్పగా జరిగాయనేం లేదు. ఆ స్తంభాల పైపొర మంచి రాయి, లోపల నింపింది పాత చర్చి శిథిలాల రాళ్లూ సున్నమూ. బరువు పడేకొద్దీ నెర్రెలు ఇచ్చాయి, కడుతూ ఉండగానే కుట్లు వేయాల్సి వచ్చింది. 1925 నుంచి 1930 దాకా గుమ్మటం కింద భాగం మూసేసి స్తంభాల్లోకి సిమెంటు పాలు ఎక్కించి, కొత్త స్టీలు గొలుసు చుట్టారు. రెన్ లెక్క ఊహలో గొప్పది, కొన్నిచోట్ల చేతిపనిలో లోపం ఉంది అనే నా అభిప్రాయం. నాన్న ఒప్పుకోలేదు. బేరింగ్ కెపాసిటీకి పట్టికలు లేని కాలంలో అంతకన్నా ఎవరూ చేయలేరన్నారు.

గుమ్మటం లేస్తున్న రోజుల్లో, 1702 చివర్లో, కూతురు జేన్ పోయింది. పాతికేళ్ల పిల్ల, సంగీతం బాగా వచ్చు. ఆమెని కట్టడం పూర్తికాని ఆ చర్చి కిందనే సమాధి చేశారు. తలమీద కూలీలు పనిచేస్తూనే ఉన్నారు.

1708లో లాంతరు మీద ఆఖరి రాయి పెట్టారు. రెన్‌కి 76 ఏళ్లు, నేల నుంచి శిలువ కొస దాకా 365 అడుగులు. వారం వారం అతన్ని బుట్టలో కూర్చోబెట్టి తాడుతో పైకి లాగేవారని కథలున్నాయి. ఆఖరి రాయి మాత్రం కొడుకు క్రిస్టఫర్ పెట్టాడు. తల్లి పోయిన ఏడాది పుట్టిన ఆ పిల్లాడికి అప్పటికి 33 ఏళ్లు. చర్చి వయసూ అంతే.

ఆ తరవాత కథ ఎప్పుడూ ఉండేదే. రాజులు మారారు, పార్టీలు మారాయి. గుమ్మటం లోపల మొజాయిక్ పెట్టాలని రెన్ కోరిక, కమిటీ థార్న్‌హిల్ చేత రంగుల బొమ్మలు వేయించింది. గోడల అంచున పిట్టగోడ వద్దన్నాడు, పెట్టారు. 1718లో, 85 ఏళ్ల వయసులో, దాదాపు 50 ఏళ్లు చేసిన రాజుగారి సర్వేయర్ ఉద్యోగం నుంచి తీసేశారు. అతని స్థానంలో వచ్చినవాడు చేతకానివాడని ఏడాదిలోనే తేలింది. రెన్ హాంప్టన్ కోర్ట్ దగ్గర ఇంట్లో చదువుకుంటూ, ఏడాదికోసారి లండన్ వచ్చి సెయింట్ పాల్స్‌లో గుమ్మటం కింద కాసేపు కూర్చుని వెళ్లేవాడట. అలా వచ్చినప్పుడే చలి పట్టిందని చెబుతారు. 1723 ఫిబ్రవరి 25న భోజనం తరవాత కుర్చీలో కునుకు తీస్తూ వెళ్లిపోయాడు. 90 ఏళ్లు.

మా అమ్మాయికి మాత్రం ఈ చరిత్రంతా పట్టదు, దానికి గుర్తున్నది గుసగుసల గ్యాలరీ. నేల నుంచి 257 మెట్లు ఎక్కితే లోపలి గుమ్మటం మొదట్లో చుట్టూ ఒక గుండ్రటి నడవా. ఒకవైపు గోడకి నోరు ఆనించి మెల్లగా మాట్లాడితే, వంద అడుగులకి పైగా అవతల గోడకి చెవి పెట్టినవాళ్లకి వినిపిస్తుంది. శబ్దం నేరుగా అడ్డంగా పోదు, గోడ వంపుని పట్టుకుని పాకుతుంది. రెన్ దీన్ని ఉద్దేశించి కట్టలేదు, గుండ్రటి గోడ ఇచ్చిన కొసరు. దీనికి లెక్క లార్డ్ రేలీ చెప్పాడు. 1921లో మొదటిసారి ఇంగ్లండ్ వచ్చిన మన సి.వి. రామన్ గారు అక్కడ సదర్లాండ్ అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రయోగాలు చేసి, శబ్దం గోడ దగ్గర నుంచి లోపలికి వచ్చేకొద్దీ వరసగా తగ్గిపోకుండా హెచ్చుతగ్గులు అవుతోందని కనిపెట్టి నేచర్ పత్రికలో రాశారు. రామన్ గారు చిన్నప్పుడు చదివింది విశాఖపట్నంలోనే, ఏ.వి.ఎన్. కాలేజీ దాకా. తిరిగి వెళ్లాక బీజాపూర్ గోల్ గుంబజ్‌లోనూ అదే పరీక్ష చేశారు. ఆ గోల్ గుంబజ్ 1656లో పూర్తయింది, అంటే రెన్ ఆక్స్‌ఫర్డ్‌లో కుక్కకి ఇంజెక్షన్ చేస్తున్న సంవత్సరం. లోపలి వెడల్పులో అది సెయింట్ పాల్స్ కన్నా పెద్దది. మా అమ్మాయి ఈ చివర నుంచి తాతయ్యా అని గుసగుసలాడితే, ఆ చివర నాన్న గోల్కొండలో ఫతే దర్వాజా కింద కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. అటెండర్ వచ్చి నెమ్మదిగా వద్దన్నాడు. మీరు వెళ్లేటట్టయితే ఆ గ్యాలరీ తెరిచి ఉందో లేదో ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి, అప్పుడప్పుడు మూసేస్తారు.

అక్కడ నుంచి పైకి, మొత్తం 528 మెట్లున్నాయి. నాన్న మోకాళ్లు ఒప్పుకోలేదు. అమ్మాయినీ నన్నూ పొమ్మన్నారు. పైకి వెళ్లే ఇనప మెట్లు లోపలి గుమ్మటానికీ బయటి గుమ్మటానికీ నడుమ నుంచి తిరుగుతూ పోతాయి. అక్కడ పక్కన చేతికందేంత దూరంలో, నిటారుగా లోపలికి వాలుతూ, పూత లేని, బొమ్మ లేని ఇటుక గోడ కనిపించింది. నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు అదేనని ఆ నిమిషంలో నాకు తెలియదు. ఫోనుతో ఫొటో తీశాను, చీకటిగా వచ్చింది.

తరవాత కింద నేలమాళిగలో రెన్ సమాధి చూశాం. ఒక మూల నల్లటి రాయి, అంతే. పక్కనే గోడకి కొడుకు చెక్కించిన లాటిన్ వాక్యం, జ్ఞాపకచిహ్నం కోసం వెతికేవాళ్లని చుట్టూ చూసుకోమంటుంది. అందరూ దాన్నే ఫొటో తీస్తున్నారు. దగ్గర్లోనే జేన్ ఫలకం ఉంది, ఆమె సంగీత వాద్యం దగ్గర కూర్చున్నట్టు చెక్కారు. అక్కడ ఎవరూ ఆగడం లేదు. నాన్న కాసేపు ఆగారు.

ఆ వారంలో చదివినదంతా చెప్పి, చీకటి ఫొటో చూపించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీదున్న కూరగాయల రసీదు వెనక పెన్నుతో గీశారు. కింద చిన్న వంపు, పైన పెద్ద వంపు, రెండింటి మధ్యలో రెండు తిన్నటి గీతలు పైకి వాలి కలుసుకుంటూ. ఆ పైన ఒక చిన్న డబ్బా. డబ్బా నుంచి నేల దాకా బరువు దిగే దారికి బాణం గుర్తులు. ఆ రెండు తిన్నటి గీతల్నీ మాత్రం రెండోసారి గట్టిగా దిద్దారు. తరవాత, మరి ఆ బిల్లీ ఏమయ్యాడు అని అడిగారు. తండ్రి పోయాక కూడా చాలా ఏళ్లు బతికాడు నాన్నా అని చెప్పాను.